సూది వాడాక ఎక్కడికి? హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ఇళ్లలోని వైద్య వ్యర్థాలు

ఆసుపత్రిలో నర్సు వాడిన సూదికి ఒక దారి ఉంది. వాడిన చోటే దాన్ని కట్టర్‌లో తుంచుతారు, గట్టి తెల్ల డబ్బాలో వేస్తారు, డబ్బాకు బార్‌కోడ్ అంటిస్తారు, బయోమెడికల్ బండి వచ్చి శుద్ధి కేంద్రానికి తీసుకుపోతుంది. అదే సూదిని అదే రోగి ఇంట్లో పొడుచుకుంటే మాత్రం ఆ దారి దొరకదు. చాలా ఇళ్లలో అది పాలిథిన్ కవర్లో కూరగాయల తొక్కలతో కలిసి వాకిట్లోకి వస్తుంది, అక్కడి నుంచి చెత్త బండిలోకి, బండి నుంచి డంపింగ్ యార్డుకు పోతుంది. మధ్యలో ఇద్దరు ముగ్గురి చేతులైనా ఆ కవరు మీద పడతాయి. ఇంట్లో వాడిన సూదుల సమస్య అంతా ఆ చేతుల దగ్గరే ఉంది.

ఈ లెక్కలోకి వచ్చేవి ఇన్సులిన్ సిరంజిలు మాత్రమే కావు. ఇన్సులిన్ పెన్నుకు బిగించే పొట్టి సూదులు, గ్లూకోమీటర్‌తో షుగర్ చూసుకోవడానికి వేలు గుచ్చుకునే లాన్సెట్లు, మోకాలి ఆపరేషన్ తర్వాత గానీ కొందరు గర్భిణులకు గానీ రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే సిరంజిలు, సంతానం కోసం చికిత్సలో పొట్ట మీద వేసుకునే ఇంజక్షన్లు, ఇంటికొచ్చి గ్లూకోజు ఎక్కించిన ఆరెంపీ వదిలేసి పోయిన సూదులు, మెడ విరిచిన గాజు ఆంప్యూళ్లు అన్నీ ఇందులోవే. ఈ మూడు ఊళ్ల చుట్టుపక్కల ఇంకొకటి కూడా కలుస్తుంది. అనంతపురం ప్రాంతం గొర్రెల పెంపకానికి పేరున్న నేల. మందలకు తామే సూదులు వేసుకునే కాపరులున్నారు. పని అయిపోయాక ఆ సిరంజి దొడ్డి పక్క ముళ్లకంపలోకి పోతే, రేపు ఆ కంప తొలగించే మనిషి చేతికి తగులుతుంది.

లెక్క వేస్తే విషయం ఎంత పెద్దదో తెలుస్తుంది. రోజుకు రెండుసార్లు ఇన్సులిన్ వేసుకుంటూ ప్రతిసారీ కొత్త సూది వాడే మనిషికి ఏడాదికి 730 సూదులు కావాలి. నాలుగుసార్లు వేసుకునే టైప్ 1 పిల్లవాడికి 1,460. లాన్సెట్లు దీనికి అదనం. భారత వైద్య పరిశోధన మండలి సాయంతో జరిగిన ఇండియాబ్ అధ్యయనం 2023లో దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉందని అంచనా కట్టింది. వీళ్లలో ఎక్కువమంది మాత్రలతోనే నెట్టుకొస్తారు. ఇన్సులిన్ దాకా వచ్చినవాళ్లు కొద్దిమందే అయినా, వాళ్ల ఇళ్ల నుంచి రోజూ బయటికి వచ్చే సూదులు లక్షల్లో ఉంటాయి.

2022 ఏప్రిల్ 4న ఏర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలో హిందూపురం, ధర్మవరం పెద్ద పట్టణాలు. 2011 జనగణన నాటికే హిందూపురంలో లక్షన్నర మంది, ధర్మవరంలో లక్షా ఇరవై వేల మంది ఉన్నారు. పెనుకొండ వీటికంటే చాలా చిన్నది. పక్కనే ఎర్రమంచి దగ్గర కియా కార్ల ఫ్యాక్టరీ వచ్చాక దాని చుట్టూ కదలిక పెరిగింది. ధర్మవరంలో పట్టుచీరలు నేసేవాళ్లు పొద్దున మగ్గం గుంతలో కాళ్లు పెడితే సాయంత్రం దాకా కూర్చునే ఉంటారు, ఒంటికి కదలిక లేని ఆ పని షుగర్ ముప్పును పెంచేదే. హిందూపురం వాళ్లకు బెంగళూరు సుమారు వంద కిలోమీటర్లే. పెద్ద జబ్బు వస్తే అక్కడికో, 1991లో మొదలైన పుట్టపర్తి సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రికో వెళ్లి, డిశ్చార్జి కాగితంతో ఇంటికొస్తారు. మిగతా చికిత్స ఇంట్లోనే సాగుతుంది. ఎప్పుడు ఏ మందు వేసుకోవాలో ఆ కాగితంలో ఉంటుంది. సూదిని ఏం చేయాలో ఉండదు.

పాతకాలంలో ఈ ప్రశ్నే లేదు. చర్మం కిందికి మందు ఎక్కించే సిరంజి 1853లో ఐరోపాలో పుట్టింది. తర్వాత వందేళ్లపాటు గాజు సిరంజి, ఉక్కు సూదే నడిచాయి. 1922 జనవరిలో టొరంటోలో ఒక అబ్బాయికి మొదటి ఇన్సులిన్ ఇచ్చినప్పటి నుంచి షుగర్ రోగుల ఇళ్లలోనూ అవే ఉండేవి. స్టీలు గిన్నెలో నీళ్లు మరగబెట్టి సిరంజి ఉడికించేవాళ్లు, మొద్దుబారిన సూదిని రాయి మీద నూరుకునేవాళ్లు. పారేసేది ఏమీ ఉండేది కాదు. గత శతాబ్దం రెండో సగంలో ప్లాస్టిక్ సిరంజి వచ్చింది. మన దేశంలో ‘డిస్పోవాన్’ అనే బ్రాండు పేరు మందుల దుకాణాల్లో సిరంజికి మారుపేరైపోయింది. ఒకసారి వాడి పారేయడం వల్ల రోగికి ఎంతో మేలు జరిగింది. పారేసే చోటు గురించి మాత్రం ఆసుపత్రుల వరకే ఆలోచించారు, ఇళ్ల దాకా రాలేదు.

కవరు ఎత్తే చేయి

తెల్లవారుజామున వీధిలోకి వచ్చే పారిశుద్ధ్య కార్మికురాలు చెత్త కవరును ఎలా పట్టుకుంటుందో గమనిస్తే ప్రమాదం ఎక్కడుందో అర్థమవుతుంది. ముడి దగ్గర ఒక చేయి, అడుగున ఒక చేయి. కవరు చిరిగి కారకుండా అడుగున చేయి పెట్టక తప్పదు. బరువైన సిరంజి కవరు అడుగుకే జారుతుంది, సూది మొన అరచేతి వైపే ఉంటుంది. ఇన్సులిన్ పెన్ను సూదులు ఎంత సన్నమంటే 32 గేజ్ సూది మందం మిల్లీమీటరులో నాలుగో వంతు కూడా ఉండదు. రబ్బరు గ్లవుజు దాన్ని ఆపలేదు. చాలాసార్లు రక్తం చుక్క కూడా కనబడదు కనుక, కార్మికురాలు చురుక్కుమన్న వేలిని చీరకు తుడుచుకుని పక్కింటికి వెళ్లిపోతుంది.

తర్వాతి వరుసలో ఉన్నది చెత్త ఏరుకునేవాళ్లు. సిరంజి ఒంటికి వాడేది మంచి ప్లాస్టిక్, పాత సామాన్ల కొట్లో దానికి ధర ఉంది. కుప్పలో వట్టి చేతులతో దాని కోసమే వెతికేవాళ్లున్నారు. వాళ్ల తర్వాత పిల్లలు. 40 యూనిట్ల ఇన్సులిన్ సిరంజికి ఎర్ర మూత, 100 యూనిట్ల దానికి నారింజ మూత ఉంటాయి. నీళ్లు నింపి చిమ్ముకోవడానికి పిల్లలకు అంతకంటే మంచి ఆటవస్తువు దొరకదు.

సూది గుచ్చుకుంటే వచ్చే జబ్బుల్లో ముఖ్యమైనవి మూడు. సూదిని వాడిన మనిషికి జబ్బు ఉంటే, ఆ సూది గుచ్చుకున్న, టీకా లేని వందమందిలో ముప్పై మంది దాకా హెపటైటిస్ బి సోకవచ్చు. హెపటైటిస్ సి విషయంలో వందమందిలో ఇద్దరు ముగ్గురికి, హెచ్‌ఐవీ విషయంలో వెయ్యిమందిలో ముగ్గురికి. ఇవి ఆసుపత్రుల్లో తాజా రక్తం ఉన్న సూదుల మీద వచ్చిన లెక్కలు. చెత్తలో ఎండిపోయిన సూదితో ప్రమాదం ఇంతకంటే తక్కువ. ఇన్సులిన్ సూది చర్మం కింది కొవ్వులోకే పోతుంది కాబట్టి అందులో మిగిలే రక్తమూ తక్కువే. అయినా హెపటైటిస్ బి వైరస్ ఒంటి బయట కనీసం ఏడు రోజులు బతికి ఉండగలదు. చెత్త కవరు యార్డుకు చేరడానికి అంత కాలం పట్టదు. పైగా గుచ్చుకున్న మనిషికి అది ఎవరి సూదో, కొవ్వులోకి పోయిందో నరంలోకి పోయిందో తెలియదు. ఆ తెలియకపోవడమే ఆ మనిషిని నెలల తరబడి రక్తపరీక్షల చుట్టూ తిప్పుతుంది, రాత్రిళ్లు నిద్ర పట్టనివ్వదు.

వాడిన సిరంజి మళ్లీ బజారులోకి వస్తే ఏమవుతుందో గుజరాత్ చూసింది. 2009 మొదట్లో సబర్కాంఠా జిల్లా మొడాసాలో హెపటైటిస్ బి విరుచుకుపడి పదుల మంది చనిపోయారు. వాడిన సిరంజిలనే మళ్లీ మళ్లీ వాడటం దానికి కారణమని తేలింది, సోదాల్లో వైద్య వ్యర్థాల నిల్వలు బయటపడ్డాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2010 ఒక్క ఏడాదిలోనే ప్రపంచమంతటా శుభ్రత లేని ఇంజక్షన్ల వల్ల 17 లక్షల మందికి హెపటైటిస్ బి, 3 లక్షల 15 వేల మందికి హెపటైటిస్ సి, 33,800 మందికి హెచ్‌ఐవీ సోకాయి. సూదిని పారేసేటప్పుడు మళ్లీ వాడటానికి వీల్లేకుండా చేయాలని నియమాలు పట్టుబట్టడం ఇందుకే.

చట్టం ఇంటి దాకా వచ్చింది

ఇంటి సూదుల గురించి చట్టంలో లేదనుకునేవాళ్లు చాలామంది. ఉంది, అదీ రెండు చోట్ల. 2016 ఏప్రిల్‌లో వచ్చిన ఘన వ్యర్థాల నిర్వహణ నియమాలు ‘గృహ ప్రమాదకర వ్యర్థాలు’ అనే మాటకు అర్థం చెబుతూ పాత పెయింటు డబ్బాలు, పురుగుమందు డబ్బాలు, ట్యూబులైట్లు, గడువు దాటిన మందులతో పాటు వాడిన సూదులను, సిరంజిలను పేరు పెట్టి చేర్చాయి. వీటిని ప్రతి ఇల్లూ తడి చెత్తతోనూ పొడి చెత్తతోనూ కలపకుండా విడిగా ఉంచాలన్నాయి. వాటిని తీసుకునే కేంద్రాలను మున్సిపాలిటీ పెట్టాలన్నాయి. ఇరవై చదరపు కిలోమీటర్లకు గానీ అందులో భాగానికి గానీ ఒక కేంద్రం చొప్పున ఉండాలన్నాయి. అంటే ఊరు ఎంత చిన్నదైనా ఒక కేంద్రం తప్పనిసరి అయింది. ఈ నియమాల స్థానంలో 2026 ఏప్రిల్ 1ని అమలు తేదీగా పెట్టి తెచ్చిన కొత్త నియమాలు చెత్తను తడి, పొడి, శానిటరీ, ప్రత్యేక జాగ్రత్త అవసరమైనది అని నాలుగుగా విడదీయమంటున్నాయి.

రెండోది 2016 మార్చిలో వచ్చిన బయోమెడికల్ వ్యర్థాల నియమాలు. ఇవి ఆసుపత్రుల కోసం రాసినవే అయినా, ఇంట్లో వైద్యం వల్ల పోగయ్యే వ్యర్థాలను విడిగా కవర్లలోనో డబ్బాల్లోనో మున్సిపాలిటీ వాళ్లకు అప్పగించాలని అందులో స్పష్టంగా ఉంది. ఆ వ్యర్థాలను ఇంటి నుంచి గానీ పొడి చెత్త వేరుచేసే కేంద్రం నుంచి గానీ తీసుకుపోవడానికి పట్టణ సంస్థలు బయోమెడికల్ శుద్ధి కేంద్రంతో ఒప్పందం చేసుకోవాలని కూడా రాసి ఉంది. ఈ వ్యాసంలో చదువరి గుర్తు పెట్టుకోవాల్సిన వాక్యం ఏదైనా ఉందంటే అదే. కొత్త చట్టం అక్కర్లేదు, కొత్త పథకం అక్కర్లేదు. జరగాల్సింది ఆ ఒప్పందం.

ఒప్పందం ఉంటే తర్వాతి పని జరిగే ఏర్పాటు ఇప్పటికే ఉంది. శుద్ధి కేంద్రంలో సూదులను ఆటోక్లేవ్‌లో, అంటే ఆవిరి ఒత్తిడితో నడిచే పెద్ద యంత్రంలో, 121 డిగ్రీల వేడి దగ్గర గంటసేపు ఉంచుతారు. క్రిములు చచ్చాక వాటిని తునకలు చేసి ఇనుము కరిగించే ఫౌండ్రీకి పంపుతారు, లేదంటే సిమెంటు కాంక్రీటు గుంతలో వేసి మూసేస్తారు. శుద్ధి కేంద్రం దూరంగా ఉన్న పల్లెల్లోని ఆరోగ్య కేంద్రాల కోసం ఇలాంటి గుంతకే నియమాల్లో వీలుంది. చుట్టూ కాంక్రీటు కట్టి, పైన పలక వేసి, చేయి పట్టని సన్నటి గొట్టం ఒక్కటే వదులుతారు. సూది లోపలికి పోతుంది, బయటికి రాదు. నిండాక గొట్టాన్ని సిమెంటుతో పూడ్చేస్తారు.

ఆంధ్రప్రదేశ్‌లో 2021 అక్టోబర్ 2న మొదలైన క్లీన్ ఆంధ్రప్రదేశ్ కార్యక్రమంలో పట్టణాల్లో ఇంటింటికీ మూడు డబ్బాలు ఇచ్చారు. తడి చెత్తకు ఆకుపచ్చ, పొడి చెత్తకు నీలం, ప్రమాదకరమైన చెత్తకు ఎరుపు. దానితో పాటు వేసిన చెత్త పన్ను మీద జనం కోపమే ఎక్కువ గుర్తుండిపోయింది, 2024 అక్టోబర్‌లో ఆ పన్ను రద్దును ప్రభుత్వం ప్రకటించింది. కానీ ఎర్ర డబ్బా మంచి ఆలోచన. దాన్ని గట్టిగా నిలబెట్టి ఉంటే బాగుండేది. ఎర్ర డబ్బాలో విడిగా వేసింది బండిలోకి వెళ్లాక కలిసిపోతే ఇంటావిడ ఒకటి రెండుసార్లు చూసి ఊరుకుంటుంది, మూడోసారి తానే కలిపేస్తుంది. బండిలో దానికి వేరే అర, యార్డులో దానికి వేరే గది ఉన్న చోటే విడదీయడం నిలుస్తుంది. ఇందోర్‌లో చెత్త బండికి ఆరు అరలు పెట్టి ఇది సాధించారు. బెంగళూరులో 2015 చివర కర్ణాటక హైకోర్టు ఆదేశంతో వచ్చిన ‘రెండు డబ్బాలు, ఒక సంచి’ పద్ధతిలో రెండో డబ్బా శానిటరీ, వైద్య వ్యర్థాలకే. హిందూపురం నుంచి బెంగళూరు పోయి అద్దెకుండే కుటుంబాలకు ఇది అలవాటే.

ఇంట్లో చేయాల్సింది

ముందు డబ్బా. అంగట్లో సూదుల కోసమే చేసిన పసుపు డబ్బాలు దొరుకుతాయి, కానీ కొనాల్సిన పని లేదు. బట్టలుతికే లిక్విడ్ వచ్చే దళసరి ప్లాస్టిక్ డబ్బా, ఫినాయిల్ క్యాను, మర మూత ఉన్న నూనె క్యాను సరిపోతాయి. వేలితో నొక్కితే సొట్టపడని గట్టిదనం ఉండాలి, నిలబెడితే పడిపోకూడదు, మూత మరతో బిగియాలి. మంచినీళ్ల సీసా పనికిరాదు, సూది దాని గోడలోంచి బయటికి వస్తుంది. గాజు సీసా పగులుతుంది. పాల కవరు, అట్టపెట్టె, కొబ్బరి చిప్ప ఏవీ వద్దు. టాయిలెట్ శుభ్రం చేసే ఆసిడ్ సీసాను వాడేట్టయితే బాగా కడిగి ఆరబెట్టాలి, అందులో బ్లీచింగ్ పౌడరు వేయకూడదు. ఆసిడ్, బ్లీచింగ్ కలిస్తే క్లోరిన్ వాయువు వచ్చి ఊపిరి ఆడదు. అసలు డబ్బాలో మందూ మాకూ ఏమీ పోయనక్కర్లేదు.

సిరంజి వాడిన వెంటనే, చేతిలో ఉండగానే, మొన కిందికి ఉండేలా డబ్బాలో వేయాలి. కింద పెట్టి తర్వాత చూద్దామనుకుంటే మరిచిపోతారు. సూదికి మూత తిరిగి తొడగబోతేనే ఎక్కువమందికి గుచ్చుకుంటుంది, కనుక సిరంజికి మూత తొడగకుండానే వేసేయాలి. సూదిని చేత్తో వంచడం, విరవడం కూడా ప్రమాదమే. పెన్ను సూది విషయం కాస్త వేరు. దానికి రెండు మూతలుంటాయి. లోపలి సన్న మూతను మళ్లీ ముట్టకూడదు. బయటి పెద్ద మూతను బల్ల మీద నిలబెట్టి, పెన్నును ఒక చేత్తోనే అందులోకి దించి, మర తిప్పి ఊడదీసి, మూతతో సహా డబ్బాలో వేయాలి. ఊడదీయకుండా పెన్నుకే ఉంచితే సూదిలోంచి గాలి పోయి మందు మోతాదు తప్పుతుంది. లాన్సెట్టు ఎంత చిన్నదైనా ఇదే డబ్బాలోకి. రక్తం అంటిన స్ట్రిప్పును, దూదిని వేరే కవర్లో మూటకట్టాలి.

డబ్బా ముప్పావు నిండగానే ఆపాలి. కుక్కి కుక్కి నింపితే పైన తేలిన సూది మూత తీసేటప్పుడు గుచ్చుకుంటుంది. మూత బిగించి, చుట్టూ గట్టి టేపు వేసి, పెద్ద అక్షరాలతో ‘సూదులు, తెరవొద్దు’ అని రాయాలి. హిందూపురంలో కన్నడ, ఉర్దూ మాట్లాడే కుటుంబాలూ ఎక్కువే. అక్షరం రానివాళ్లకు కూడా తెలిసేలా ఒక సిరంజి బొమ్మ గీస్తే ఇంకా మంచిది. డబ్బాను పిల్లలకు అందని ఎత్తులో ఉంచాలి.

సూదులు ఖర్చు కనుక ఒకే సూదిని నాలుగైదు సార్లు వాడేవాళ్లున్నారు. ఒకసారి గుచ్చగానే సూది మీదున్న జారుడు పూత పోతుంది, మొన కంటికి కనబడనంత వంకర తిరుగుతుంది. అదే చోట మళ్లీ మళ్లీ పొడిస్తే చర్మం కింద గడ్డలు కడతాయి, ఆ గడ్డలోకి వేసిన ఇన్సులిన్ సరిగ్గా పనిచేయదు. డబ్బు ఇబ్బంది నిజమే. దాన్ని డాక్టరుకు చెప్పి, ప్రభుత్వ ఆసుపత్రిలో ఏం దొరుకుతుందో అడగడం మేలు. తన సూదిని తాను మళ్లీ వాడటం ఒక ఎత్తు, వేరేవాళ్లకు వాడటం ఇంకో ఎత్తు. ఇంటికి చుట్టాలొచ్చినప్పుడు ‘బావా, నీది కూడా చూద్దాం రా’ అని ఒకే గ్లూకోమీటరు పెన్నుతో అందరి వేళ్లూ గుచ్చి చూడటం సరదాగా జరిగిపోతుంది. లాన్సెట్టు మార్చినా పెన్ను మొన దగ్గర అంటుకున్న రక్తంతో హెపటైటిస్ బి పాకిన ఉదాహరణలు అమెరికాలో వృద్ధాశ్రమాల్లో నమోదయ్యాయి. గుచ్చే పెన్ను ఒక్క మనిషిదే కావాలి.

కాల్చడం, పూడ్చడం, మరుగుదొడ్డిలో వేయడం మూడూ తప్పే. మంటలో ప్లాస్టిక్ కరిగి విషపు పొగ వస్తుంది, ఉక్కు సూది మాత్రం బూడిదలో అలాగే మిగులుతుంది. పెరట్లో పూడ్చింది మరో ఏడు గుంత తవ్వేవాడి కాలికి తగులుతుంది. మరుగుదొడ్డిలో వేసింది సెప్టిక్ ట్యాంకు శుభ్రం చేసేవాళ్ల కోసం కాచుకుని ఉంటుంది. పల్లెల్లో పంచాయతీ గ్రీన్ అంబాసిడర్లు తెచ్చిన చెత్తను సంపద తయారీ కేంద్రంలో చేత్తో వేరుచేసి కంపోస్టు చేస్తారు. తడి చెత్తలో సూది కలిస్తే ఆ ఎరువు చల్లే రైతు దాకా ప్రమాదం పాకుతుంది.

గుచ్చుకుంటే

పారిశుద్ధ్య కార్మికులకు గానీ ఇంట్లోవాళ్లకు గానీ ఎవరో వాడిన సూది గుచ్చుకుంటే, ఆ చోటును వెంటనే ధారగా పారే నీళ్ల కింద సబ్బుతో కడగాలి. పిండకూడదు, నోట్లో పెట్టుకోకూడదు, డెట్టాలు, బ్లీచింగు పోయకూడదు. తర్వాత ఆలస్యం చేయకుండా ప్రభుత్వ ఆసుపత్రికి పోవాలి. హెచ్‌ఐవీ రాకుండా ఆపే మందులను 72 గంటల లోపు మొదలుపెట్టాలి. రెండు గంటల లోపైతే ఇంకా మంచిది. వాటిని 28 రోజులు ఆపకుండా వేసుకోవాలి. టీకా వేయించుకోనివాళ్లకు హెపటైటిస్ బి టీకా, అవసరమైతే దానితో పాటు ఇమ్యునోగ్లోబులిన్, ధనుర్వాతానికి ఇంజక్షను ఇస్తారు. హెచ్‌ఐవీ గురించి సందేహాలుంటే జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ ఉచిత నంబరు 1097. ధర్మవరానికి దగ్గరే బత్తలపల్లిలో, 1969లో విన్సెంట్ ఫెర్రర్ స్థాపించిన గ్రామీణాభివృద్ధి సంస్థ, మన జనం నోట ఆర్డీటీ, నడిపే ఆసుపత్రికి హెచ్‌ఐవీ చికిత్సలో ఏళ్ల అనుభవం ఉంది.

హెపటైటిస్ బి టీకా దేశమంతటా పిల్లల టీకాల పట్టికలో చేరింది 2011లో. అంతకు చాలా ముందు పుట్టి ఇవాళ చీపురు పట్టిన నలభై యాభై ఏళ్ల కార్మికుల్లో ఎక్కువమందికి ఆ టీకా పడి ఉండదు. బయోమెడికల్ వ్యర్థాలను ముట్టుకునే సిబ్బందికి హెపటైటిస్ బి, ధనుర్వాతం టీకాలు వేయించాలని నియమాలు ఆసుపత్రులను ఆదేశిస్తున్నాయి. అవే సూదులను చెత్తలోంచి ఎత్తే మున్సిపల్ కార్మికులకు, వాళ్లు కాంట్రాక్టు మీద పనిచేసేవాళ్లయినా సరే, మూడు డోసులు వేయించడం అంతే న్యాయం. ఖర్చు కూడా పెద్దది కాదు.

మిగతా చోట్ల ఎలా

అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రం 2008 సెప్టెంబర్ 1 నుంచి ఇంటి సూదులను మామూలు చెత్తలో వేయడాన్ని నిషేధించింది. అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలు సూదుల డబ్బాను సేకరణ కేంద్రంలో ఇవ్వాలి, లేదా అందుకోసమే ఉన్న పోస్టు పెట్టెలో పంపాలి. ఫ్రాన్సులో మందుల దుకాణం వాళ్లే ఇన్సులిన్ వాడేవాళ్లకు ఖాళీ డబ్బా ఉచితంగా ఇస్తారు, నిండిన డబ్బాలను సేకరించే చోట్లూ ఉన్నాయి. ఖర్చు సూదులు అమ్మే కంపెనీలు భరిస్తాయి. బ్రిటన్‌లో డాక్టరు మందుల చీటీ మీదే పసుపు డబ్బా రాసిస్తాడు.

మనకు సరిపోయేది ఫ్రాన్సు దారే అనిపిస్తుంది. ఇన్సులిన్ వాడే ప్రతి మనిషీ నెలకోసారి మందుల దుకాణానికి పోక తప్పదు. హిందూపురం, ధర్మవరం పట్టణాల్లోని పెద్ద మందుల దుకాణాల్లో, పెనుకొండలో ఒకటి రెండింటిలో, ప్రతి ప్రభుత్వ ఆసుపత్రి షుగర్ క్లినిక్కు గుమ్మం దగ్గర ఒక్కో గట్టి డబ్బా పెడితే చాలు. ఆసుపత్రి సూదుల కోసం బయోమెడికల్ బండి ఎలాగూ ఈ ఊళ్లకు వస్తోంది. అది ఇంకో నాలుగు చోట్ల ఆగాలి, అంతే. దుకాణదారులు ముందుకు రావడానికి మున్సిపాలిటీ నుంచి ఒక కాగితం, శుద్ధి కేంద్రం నుంచి ఒక రసీదు ఉండాలి. అవి లేనిదే ఏ దుకాణదారుడూ పరాయివాళ్ల సూదులను తన కొట్లో పెట్టుకోడు, పెట్టుకోమనడమూ న్యాయం కాదు.

అది జరిగేదాకా ఇంటివాళ్లకు ఉన్న మార్గం ఇది. నిండిన డబ్బాను ముందు సూది రాసిచ్చిన ఆసుపత్రినో, రక్తపరీక్షల ల్యాబునో అడిగి చూడాలి, కొందరు తమ వ్యర్థాలతో పాటు తీసుకుంటారు. ఎవరూ తీసుకోకపోతే టేపు వేసిన డబ్బాను చెత్తలో కలపకుండా, బండి వచ్చినప్పుడు స్వయంగా బయటికి వెళ్లి, ‘ఇందులో సూదులున్నాయమ్మా, తెరవకుండా పక్కన పెట్టు’ అని చెప్పి కార్మికురాలి చేతికివ్వాలి.

మున్సిపాలిటీ చేయాల్సిన పనిని కూడా అడగాలి. ప్రతి సోమవారం ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీలు తీసుకుంటారు. ఇన్సులిన్ వాడే పదిమంది కలిసి ఒక కాగితం రాసి, ఇళ్ల సూదుల కోసం బయోమెడికల్ శుద్ధి కేంద్రంతో ఒప్పందం జరిగిందా, జరిగితే డబ్బా ఎక్కడ ఇవ్వాలి, జరగకపోతే ఎప్పుడు చేస్తారు అని మూడే ప్రశ్నలు అడగండి. అదే అర్జీలో మీ వీధి చెత్త ఎత్తే కార్మికులకు హెపటైటిస్ బి టీకా వేయించమని కూడా రాయండి.